ఎంజైమును అణిచే మందే ఎంజైమును పెంచితే?

1970ల మొదట్లో టోక్యోలోని సాంక్యో కంపెనీ పరిశోధకుడు అకిరా ఎండో బూజుల వెంట పడ్డాడు. రక్తంలో కొలెస్టరాల్‌ను తగ్గించే పదార్థం ఏదో ఒక బూజులో దొరక్కపోదని ఆయన నమ్మకం. 1971లో మొదలుపెట్టి దాదాపు 6,000 రకాల శిలీంధ్రాలను పరీక్షించాడు. చివరికి క్యోటోలోని ఒక ధాన్యం దుకాణం బియ్యంలో దొరికిన పెనిసిలియం సిట్రినం అనే బూజు ఆయన నమ్మకాన్ని నిలబెట్టింది. అందులోంచి తీసిన పదార్థమే కాంపాక్టిన్, స్టాటిన్లు అనే మందుల్లో మొదటిది. కొలెస్టరాల్ తయారీకి కీలకమైన హెచ్ఎంజీ-కోఏ రిడక్టేజ్ అనే ఎంజైమును అది గట్టిగా అడ్డుకుంది. పరీక్షనాళికలో ఇంత చక్కగా పనిచేసిన పదార్థాన్ని ఎలుకలకు పెడితే మాత్రం వాటి రక్తంలో కొలెస్టరాల్ తగ్గలేదు. ప్రాజెక్టు ఆగిపోయే స్థితికి వచ్చింది. గుడ్లు పెట్టే కోళ్ల మీద ప్రయత్నించి, అక్కడ కొలెస్టరాల్ తగ్గడం చూశాక గానీ మళ్లీ ఆశ చిగురించలేదు.

ఎలుకల్లో జరిగిందేమిటి? మందు ఎంజైమును అడ్డుకోగానే కాలేయ కణాలు కొలెస్టరాల్ కొరతను పసిగట్టి, అదే ఎంజైమును మరింతగా తయారుచేసుకున్నాయి. 1978లో అమెరికాలోని డాలస్‌లో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ బృందం ఈ సంగతిని మనిషి చర్మం నుంచి పెంచిన ఫైబ్రోబ్లాస్టు కణాల్లో నిరూపించింది. కాంపాక్టిన్‌లో కొంతకాలం ఉంచిన కణాల నుంచి ఆ మందును తొలగించి ఎంజైము చురుకును కొలిస్తే, మందు తగలని కణాల్లో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చింది. అంటే ఎంజైమును అణిచే మందే, కొలత దగ్గరికి వచ్చేసరికి ఎంజైమును పెంచే మందుగా కనిపించింది!

ఇది స్టాటిన్ల కథలో ఒక్కసారి తటస్థపడి పోయిన వింత కాదు. కణాల్లో మందులను వడపోసే ప్రతి ప్రయోగశాలా ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కొనే చిక్కు. ఈ వడపోత మీద ఆధారపడి కొన్ని మంచి మందులు పుట్టాయి. ఇదే వడపోత కొందరిని ఏళ్ల తరబడి తప్పుదారి పట్టించింది కూడా. ‘ఫలానా మందు ఫలానా ఎంజైము చురుకును రెట్టింపు చేసింది’ అనే వాక్యం వార్తల్లో చదివినప్పుడు అందులో ఎంత ఉంది, ఎంత లేదు అన్నది తెలుసుకోవడం శాస్త్రవేత్తలకే కాదు, ఆ మందు కోసం ఎదురుచూసే రోగి కుటుంబాలకూ అవసరమే.

ఎంజైము చురుకును కొలవడమంటే, అది ఎంత వేగంగా ఒక పదార్థాన్ని మరో పదార్థంగా మారుస్తోందో లెక్కగట్టడం. ఈ లెక్కకు ఒక తెలుగువాడు వేసిన పునాది చిన్నది కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించిన పద్ధతి ద్రావణంలోని ఫాస్ఫేట్‌ను నీలిరంగు గాఢతతో కొలుస్తుంది. ఫాస్ఫేట్‌ను విడగొట్టే ఎంజైములన్నిటికీ ఈ పద్ధతి దశాబ్దాల పాటు కొలబద్దగా నిలిచింది. రంగు ఎంత చిక్కనైతే ఎంజైము అంత పనిచేసినట్టు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అంటే జీవరసాయన శాస్త్ర విద్యార్థికి ఇప్పటికీ తెలుసు.

నేటి ప్రయోగశాలల్లో రంగు స్థానంలో తరచూ వెలుగు వచ్చింది. 4-మిథైల్అంబెల్లిఫెరోన్ అనే అణువును ఒక చక్కెర అణువుకు అతికిస్తే అది మెరవదు. ఎంజైము ఆ బంధాన్ని తెంచగానే, క్షార ద్రావణంలో అతినీలలోహిత కాంతి కింద నీలంగా మెరుస్తుంది. 96 గుంటలు, 384 గుంటలు, 1,536 గుంటలు ఉన్న ప్లాస్టిక్ ప్లేట్లలో కణాలను పెంచి, ఒక్కో గుంటలో ఒక్కో మందు వేసి, ఎంజైము వెలిగించిన కాంతిని యంత్రంతో చదువుతారు. రోబోలు రోజుకు వేల గుంటలు చదవగలవు. చదివినదాని అర్థమేమిటో చెప్పడం మాత్రం రోబోల వల్ల కాదు.

ఇంతకీ శుద్ధి చేసిన ఎంజైము ఉండగా కణాలతో పనేమిటి? పని చాలానే ఉంది. మందు కణపొరను దాటి లోపలికి వెళ్లాలి. వెళ్లాక తన ఎంజైము ఉన్న గదికి చేరాలి. లోపల పోటీకి వచ్చే సహజ పదార్థాలను నెట్టుకుని నిలవాలి. కైనేజ్ ఎంజైములను అడ్డుకునే కేన్సర్ మందుల విషయమే తీసుకుంటే, అవి చాలావరకు కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువుతో పోటీపడి ఎంజైములో చోటు సంపాదించాలి. పరీక్షనాళికలో ఏటీపీని తక్కువ వేసి మందును గెలిపించవచ్చు, కణంలో అది కుదరదు. బ్రయన్ డ్రూకర్ బృందం 1996లో ప్రచురించిన పరిశోధనలో ఇమాటినిబ్, ఒక రకం రక్తకేన్సరుకు మూలమైన బీసీఆర్-ఏబీఎల్ కైనేజ్ ఉన్న కణాలను అణిచి, మామూలు కణాలను చాలావరకు వదిలేసింది. కణాల సాక్ష్యం బలంగా ఉండబట్టే ఆ మందు రోగుల దాకా వెళ్లింది. 2001 మే నెలలో అమెరికాలో అనుమతి పొందింది.

అడ్డుకునే మందుల కథ కొంత సూటిగానే సాగుతుంది. ఎంజైమును పెంచే మందుల కోసం వెతికినప్పుడే అసలు చిక్కుముడులు ఎదురవుతాయి. కణంలో కొలిచే చురుకు అనే అంకెలో కనీసం మూడు విషయాలు కలిసిపోయి ఉంటాయి. ఎంజైము అణువులు ఎన్ని ఉన్నాయి, ఒక్కో అణువు ఎంత వేగంగా పనిచేస్తోంది, కొలిచే సమయానికి మందు ఇంకా ఎంజైముకు అతుక్కుని ఉందా లేదా. వీటిలో ఏది మారినా అంకె మారుతుంది. అంకె ఒక్కటే చూసేవారికి ఏది మారిందో తెలియదు.

ఈ చిక్కును వైద్యంగా మలుచుకున్న చక్కటి ఉదాహరణ ఫాబ్రీ వ్యాధి. కణాల్లో చెత్తను కరిగించే లైసోజోములు అనే చిన్న సంచుల్లో ఆల్ఫా-గెలాక్టోసిడేజ్-ఎ ఎంజైము లోపించడంతో వచ్చే జబ్బు ఇది. కొవ్వు పదార్థం పేరుకుని మూత్రపిండాలను, గుండెను, నరాలను దెబ్బతీస్తుంది. చాలామంది రోగుల్లో ఎంజైము అసలు లేకపోవడం కాదు, అది సరిగా ముడుచుకోదు. కణంలోని నాణ్యత తనిఖీ వ్యవస్థ దాన్ని లైసోజోముకు చేరకముందే పట్టి నాశనం చేస్తుంది. 1999లో జియాన్-చియాంగ్ ఫాన్, సతోషి ఇషీ, నవోకి అసానో, యోషియుకి సుజుకి ఒక వింత ఫలితాన్ని ప్రచురించారు. ఆ ఎంజైమును అడ్డుకునే పదార్థాన్నే తగుమోతాదులో ఫాబ్రీ రోగి కణాలకు ఇస్తే ఎంజైము చురుకు పెరిగింది. లేత తీగకు ఊతకర్రలా ఆ అణువు ఎంజైము క్రియాస్థానంలో కూర్చుని, దాన్ని సరైన రూపంలో నిలిపి, తనిఖీ దాటించి లైసోజోముకు చేర్చింది.

ఊతకర్ర ఎంజైమును వదలకపోతే ప్రయోజనం లేదు. చేరాల్సిన చోటికి చేరాక మందు పక్కకు తప్పుకోవాలి. మిగాలాస్టాట్ అనే పేరుతో ఈ అణువే మందుగా వచ్చాక దాన్ని రోజు విడిచి రోజు వేసుకోమనడానికి కారణం ఇదే. ఒకరోజు మందు ఎంజైమును గమ్యానికి చేరుస్తుంది, మరుసటి రోజు మందు తగ్గిపోయి ఎంజైము పనిలో పడుతుంది. ఐరోపాలో 2016లో, అమెరికాలో 2018లో దీనికి అనుమతి దొరికింది.

ఈ మందు కథలో అన్నిటికంటే ఆసక్తికరమైన సంగతి, దాన్ని ఎవరికి రాయాలో నిర్ణయించేది కణాల్లో చేసిన పరీక్షే కావడం. ఫాబ్రీకి కారణమయ్యే వందలాది జన్యు మార్పులను ఒక్కొక్కటిగా హెచ్ఈకే-293 అనే మానవ కణాల్లో ప్రవేశపెట్టి, 10 మైక్రోమోలార్ మిగాలాస్టాట్ ఇచ్చి చురుకు కొలిచారు. మందు లేనప్పటి కంటే కనీసం 20 శాతం పెరగాలి. ఆ పెరుగుదల ఆరోగ్యవంతమైన ఎంజైము చురుకులో కనీసం 3 శాతానికి సమానం కావాలి. రెండూ దాటిన మార్పు ఉన్నవారికే మందు. ఒక ప్లాస్టిక్ ప్లేటులో వచ్చిన అంకె, కొన్ని వేల కిలోమీటర్ల దూరంలోని రోగికి చీటీ రాయాలా వద్దా అని తేల్చడం వైద్య చరిత్రలో అరుదైన సంగతి.

అరుదైనదే కాదు, సున్నితమైనది కూడా. మిగాలాస్టాట్ ప్రధాన ట్రయల్‌లో 67 మందిని ప్రాథమిక కణ పరీక్ష ఆధారంగా చేర్చుకున్నారు. ఆ తర్వాత పరీక్షను మరింత కట్టుదిట్టంగా రూపొందించి మళ్లీ చూస్తే, వారిలో 50 మంది జన్యు మార్పులే మందుకు తగినవని తేలింది. 17 మంది మార్పులు జాబితా నుంచి తప్పుకున్నాయి. 2016లో ప్రచురించిన ఫలితాల్లో మొదటి ఆరు నెలల ప్రధాన లక్ష్యం అందలేదు. తగిన మార్పులున్న 50 మందిని విడిగా విశ్లేషించినప్పుడు మేలు కనిపించింది. పరీక్ష పద్ధతిలో మార్పు రోగుల జాబితానే మార్చేసింది. జాబితాలో ఉన్న మార్పులున్న కొందరు రోగుల తెల్లరక్త కణాల్లో చురుకు ఆశించినంత పెరగలేదని ఆ తర్వాత జర్మనీ వైద్యులు రాశారు. కణ పరీక్ష మంచి మార్గదర్శి అనడంలో సందేహం లేదు. దాన్ని తుది తీర్పుగా తీసుకుంటే మాత్రం రోగికి అన్యాయం జరగవచ్చు.

ఫాబ్రీకి దగ్గరి బంధువైన గోషే వ్యాధిలో కథ ఇంత సాఫీగా నడవలేదు. 1882లో ఫిలిప్ గోషే వర్ణించిన ఈ జబ్బుకు గ్లూకోసెరిబ్రోసిడేజ్ అనే ఎంజైము లోపమే కారణమని 1965లో అమెరికాలో రాస్కో బ్రేడీ బృందం కనిపెట్టింది. ప్లీహం, కాలేయం ఉబ్బిపోతాయి, ఎముకలు గుల్లబారతాయి. కొన్ని రకాల్లో మెదడు కూడా దెబ్బతింటుంది. 1991లో మానవ మాయ నుంచి తీసిన ఎంజైమును, 1994లో ప్రయోగశాల కణాల్లో తయారుచేసిన ఎంజైమును నరం ద్వారా ఎక్కించే చికిత్స వచ్చింది. జీవితాంతం ఎక్కించాలి. ఖర్చు సామాన్య కుటుంబం భరించలేనిది. పైగా ఆ ఎంజైము మెదడులోకి చొరబడలేదు. నోటితో వేసుకునే చిన్న అణువు కోసం ఇంత తపన అందుకే.

2002లో జెఫ్రీ కెల్లీ బృందం, ఎన్370ఎస్ అనే మార్పు ఉన్న గోషే రోగి చర్మ కణాలకు ఎన్ఎన్-డీఎన్‌జే అనే నిరోధకాన్ని తొమ్మిది రోజులు ఇచ్చి చురుకును రెట్టింపు చేసింది. ఎల్444పీ అనే మార్పున్న కణాల్లో మాత్రం ఫలితం రాలేదు. భారతీయ గోషే రోగుల్లో ఎక్కువగా కనిపించేది సరిగ్గా ఈ ఎల్444పీయే. పాశ్చాత్య రోగుల కణాల్లో వడపోసి పట్టుకున్న మందు మన రోగులకు పనికొస్తుందో లేదో మన రోగుల కణాల్లోనే చూడాలని చెప్పడానికి ఇంతకంటే సూటైన ఆధారం అక్కర్లేదు.

అదే కుదురుకు చెందిన ఐసోఫాగోమిన్ కణాల్లో ఎంతో ఆశ రేపింది. 2009లో రెండో దశ ట్రయల్ ఫలితాలు వచ్చేసరికి 18 మంది రోగుల్లో ఒక్కరిలో మాత్రమే చెప్పుకోదగ్గ మెరుగు కనిపించింది. తెల్లరక్త కణాల్లో ఎంజైము మోతాదు పెరిగింది, జబ్బు మాత్రం తగ్గలేదు. అంకె పెరగడానికీ, పేరుకున్న కొవ్వు కరగడానికీ మధ్య ఉన్న దూరం ఇంత. పగలగొట్టిన కణాల రసంలో, మందును పలుచన చేశాక కొలిచే చురుకు వేరు. బతికున్న కణంలో, మందు ఇంకా ఉండగా, నిజమైన కొవ్వు మీద ఎంజైము చేసే పని వేరు.

అప్పటికే వడపోత పద్ధతినే మార్చాలన్న ఆలోచన మొదలైంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 2007లో 59,815 పదార్థాలను శుద్ధ ఎంజైము మీద పరీక్షిస్తే, బయటపడ్డ ఊతకర్రలన్నీ నిరోధకాలే. తర్వాత వారు వ్యాధిగ్రస్తుల ప్లీహం నుంచి తీసిన ఎంజైమునే, దాని సహజ పరిసరాలతో సహా వాడి వడపోశారు. అప్పుడు ఎంజైమును అడ్డుకోకుండానే నిలబెట్టే అణువులు దొరికాయి. పరీక్షలో వాడిన ఎంజైము ఎక్కడి నుంచి వచ్చిందన్న ఒక్క మార్పుతో దొరికే మందుల జాతే మారిపోయింది.

2009లోనే టొరంటోలో ఇంకో దారి తెరుచుకుంది. గుస్తావో మేగావా, డాన్ మహురాన్ తదితరులు అప్పటికే అనుమతి ఉన్న 1,040 మందులను జల్లించారు. వేడికి ఎంజైము చెడిపోకుండా ఏది కాపాడుతుందో చూసి, తేలినవాటిని రోగుల కణాల్లో పరీక్షించారు. అందులో తేలింది అంబ్రాక్సాల్. దగ్గు సిరప్పుల్లో కఫం కరిగించడానికి వాడే మందే ఇది. దాని పూర్వీకుడు మన చేలగట్ల మీద పెరిగే అడ్డసరం మొక్క. ఆ ఆకులోని వాసిసిన్ అనే పదార్థం నమూనాగా బ్రోమ్‌హెక్సిన్ తయారైంది, బ్రోమ్‌హెక్సిన్ శరీరంలో మారి అంబ్రాక్సాల్ అవుతుంది. ఈ అణువుకున్న గుణం అమోఘం. ఎంజైము తయారయ్యే తటస్థ వాతావరణంలో గట్టిగా అతుక్కుంటుంది, లైసోజోములోని ఆమ్ల వాతావరణానికి చేరగానే పట్టు వదిలేస్తుంది. మిగాలాస్టాట్‌కు రోజు విడిచి రోజు మోతాదుతో తెచ్చుకోవలసి వచ్చినది ఇదే.

అయితే అంబ్రాక్సాల్ కేవలం ఊతకర్రేనా? 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో దాని ప్రభావంతో లైసోజోముల తయారీని శాసించే టీఎఫ్ఈబీ అనే ప్రొటీన్ కూడా పెరిగినట్టు కనిపించింది. అంటే పెరిగిన చురుకులో కొంత నిలబెట్టడం వల్ల, కొంత మొత్తం తయారీ పెరగడం వల్ల కావచ్చు. మళ్లీ అదే ప్రశ్న: పెరిగింది అణువుల సంఖ్యా, ఒక్కో అణువు సామర్థ్యమా?

నిరోధకమే ఎంజైమును నిలబెట్టే ఈ సూత్రం కొలిచే పరికరాన్నే మోసగించిన సందర్భం పీటీసీ124 అనే పదార్థానిది. జన్యు సందేశంలో మధ్యలోనే ‘ఆగు’ అన్న సంకేతం పడి ప్రొటీన్ అసంపూర్తిగా మిగిలే జబ్బుల కోసం, ఆ సంకేతాన్ని దాటించే మందును వెతికారు. మిణుగురు పురుగు లూసిఫరేజ్ ఎంజైమును కణాల్లో పెట్టి, దాని సందేశంలో ఆ సంకేతాన్ని చొప్పించి, వెలుగు పెరిగితే మందు పనిచేసినట్టుగా లెక్కించారు. దాదాపు 8 లక్షల పదార్థాల్లోంచి ఎదిగిన పీటీసీ124 వివరాలు 2007లో నేచర్ పత్రికలో వచ్చాయి. 2009లో డగ్లస్ ఆల్డ్, జేమ్స్ ఇంగ్లీజ్ తదితరులు మరో వివరణ చూపారు. ఆ మందు నేరుగా మిణుగురు లూసిఫరేజ్‌కే అతుక్కునే నిరోధకం. కణంలో త్వరగా నశించే ఆ ఎంజైము, మందు పట్టుకుని ఉండటంతో నశించకుండా పోగుపడింది. కొలిచే సమయంలో వేసిన ముడిపదార్థాల వరద మందును నెట్టేయగానే పోగుపడిన ఎంజైమంతా వెలిగింది. సంకేతాన్ని దాటించినందువల్ల వచ్చిన వెలుగు కాదది. సముద్ర జీవి రెనిల్లాకు చెందిన లూసిఫరేజ్‌తో అదే పరీక్ష చేస్తే వెలుగు పెరగలేదు.

మందు తయారీ సంస్థ ఈ వివరణతో ఏకీభవించలేదు. మందు వేరే పరీక్షల్లో కూడా పనిచేసిందని వాదించింది. 2013లో మరో బృందం పలు రకాల పరీక్షల్లో ఆ ప్రభావం కనబడలేదని రాసింది. అటాలురెన్ పేరుతో అదే మందుకు డుషేన్ కండర క్షీణత ఉన్న పిల్లల కోసం 2014లో ఐరోపాలో షరతులతో కూడిన అనుమతి దొరికింది. 2025 మార్చిలో ఐరోపా కమిషన్ ఆ అనుమతిని పునరుద్ధరించలేదు. మొదటి పరీక్షలో రెండో రకం లూసిఫరేజ్ పక్కనే ఉండి ఉంటే ఈ వివాదంలో చాలా భాగం ముందే తేలిపోయేది. ఇది ఒక్క మందుకు పరిమితమైన ప్రమాదమూ కాదు. 72,377 పదార్థాల సేకరణను ఆల్డ్ బృందం పరిశీలిస్తే అందులో సుమారు 3 శాతం మిణుగురు లూసిఫరేజ్‌ను అడ్డుకునేవే. నీలికాంతితో చదివే పరీక్షల్లో తమంతట తామే మెరిసే పదార్థాలు ఇంకో బెడద.

కొన్ని మందులైతే ఒకే ఎంజైమును ఒకేసారి పెంచుతూ అణుస్తాయి. కాలేయంలోని సీవైపీ3ఏ4 ఎంజైము మనం వేసుకునే మందుల్లో చాలావాటిని విరిచేస్తుంది. హెచ్ఐవీ చికిత్సలో, కోవిడ్ మాత్ర పాక్స్‌లోవిడ్‌లో వాడే రిటోనావిర్ దాని తయారీని పెంచుతుంది. అదే మందు తయారైన ఎంజైమును పనికిరాకుండా చేస్తుంది కూడా. జన్యు సందేశాన్ని కొలిస్తే పెరిగింది, చురుకును కొలిస్తే తగ్గింది. అందుకే మందుల నియంత్రణ సంస్థలు మానవ కాలేయ కణాల్లో సందేశాన్నీ చురుకునూ వేర్వేరుగా చూడమంటాయి. కణాలు కూడా కనీసం ముగ్గురు దాతల నుంచి తీసుకోవాలి.

మానవ కణాలే ఎందుకన్న దానికి మన ఆసుపత్రుల్లో నిత్యం కనిపించే ఉదాహరణ రిఫాంపిసిన్. క్షయ చికిత్సకు వెన్నెముక లాంటి ఈ మందు మనిషి కాలేయంలో సీవైపీ3ఏ4ను బాగా పెంచుతుంది. దాంతో గర్భనిరోధక మాత్రలు, రక్తాన్ని పలుచబరిచే వార్ఫరిన్ వంటివి త్వరగా విరిగిపోయి పట్టు తప్పుతాయి. ఎలుక కాలేయంలో ఈ ప్రభావం దాదాపు కనిపించదు. 1998లో కనిపెట్టిన పీఎక్స్ఆర్ అనే గ్రాహకం మనిషిలో ఒకలా, ఎలుకలో ఇంకోలా ఉండటమే కారణం. క్షయ మందులు వాడుతున్న స్త్రీలు గర్భనిరోధక మాత్రల గురించి డాక్టరును తప్పక అడగాలన్న సలహా వెనక ఉన్నది ఈ కాలేయ కణాల పాఠమే.

కణం ఎంపిక తప్పితే ఏమవుతుందో 2020లో ప్రపంచమంతా చూసింది. హైడ్రాక్సీక్లోరోక్విన్, క్లోరోక్విన్ కోతి మూత్రపిండం నుంచి వచ్చిన వెరో కణాల్లో కరోనా వైరస్‌ను అడ్డుకున్నాయి. ఆ కణాల్లో వైరస్, ఆమ్ల సంచుల్లో ఉండే కేథెప్సిన్ ఎంజైముల సాయంతో లోపలికి వస్తుంది. ఈ మందులు ఆ ఆమ్లతను పోగొడతాయి. మనిషి ఊపిరితిత్తుల కణాల్లో వైరస్‌కు టీఎంపీఆర్ఎస్ఎస్2 అనే వేరే ఎంజైము ఉంది, ఆమ్ల సంచుల అవసరం లేదు. స్టెఫాన్ పోల్మన్ బృందం కాలు-3 అనే మానవ ఊపిరితిత్తుల కణాల్లో పరీక్షిస్తే క్లోరోక్విన్ పనిచేయలేదు. పెద్ద క్లినికల్ ట్రయళ్లు కూడా అదే తేల్చాయి.

ఒక ఎంజైము మీదే చూపు నిలిపి మిగతావాటిని వదిలేస్తే ప్రాణాల మీదికి వస్తుంది. 2016 జనవరిలో ఫ్రాన్స్‌లోని రెన్ నగరంలో బీఐఏ 10-2474 అనే మందు తొలిదశ ట్రయల్‌లో ఆరుగురు ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు మరణించారు. ఎఫ్ఏఏహెచ్ అనే ఎంజైమును అడ్డుకునేందుకు చేసిన మందు అది. మానవ కణాల్లో చురుకుగా ఉన్న ఇలాంటి ఎంజైములన్నిటినీ ఒకేసారి పరిశీలించే పద్ధతితో చూస్తే, ఆ మందు ఇంకా ఎన్నో లిపేజ్ ఎంజైములను కూడా కట్టిపడేస్తోందని 2017లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. మరణానికి కచ్చితమైన కారణం అదేనని రుజువు కాలేదు. అయినా మనుషుల మీద ప్రయోగానికి ముందే చేయదగిన పరీక్ష అది.

సుబ్బారావు దగ్గరికి ఒకసారి మళ్లీ వెళ్లాలి. లెడర్లీ కంపెనీలో ఆయన నేతృత్వంలో తయారైన అమినోప్టెరిన్‌తో 1948లో సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరు పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించాడు. ఆ కుటుంబపు మందులు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటాయని 1958లో తెలిసింది. అందులో ఒకటైన మెథోట్రెక్సేట్‌ను మెల్లమెల్లగా పెంచుతూ కణాలకు అలవాటు చేస్తే, బతికి బట్టకట్టిన కణాల్లో ఆ ఎంజైము జన్యువు ప్రతులే పెరిగిపోయాయని 1978లో రాబర్ట్ షిమ్కీ బృందం చూపింది. స్టాటిన్‌కు ఎలుక కాలేయం చెప్పిన జవాబు, మెథోట్రెక్సేట్‌కు కేన్సరు కణం చెప్పిన జవాబు దారి వేరైనా ఫలితం ఒకటే. కణం చేతులు ముడుచుకుని కూర్చోదు, తనకు తగిలిన మందుకు బదులిస్తుంది.

ఇన్ని అనుభవాల తర్వాత మంచి ప్రయోగశాలలు కొన్ని కట్టుబాట్లు పాటిస్తున్నాయి. మందును కడిగేసి ఒకసారి, ఉంచి ఒకసారి చురుకు కొలవడం. వేరే సూత్రంతో పనిచేసే రెండో పరీక్షలో అదే ఫలితం వస్తోందా చూడడం. ఎంజైము మోతాదును చురుకు నుంచి విడిగా లెక్కించడం. మందు నిజంగా కణంలోని ఎంజైముకే అతుక్కుందా అన్నది 2013లో వచ్చిన ఉష్ణ స్థిరత్వ పరీక్షతో తేల్చుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యమైనది ఎంజైము కరిగించాల్సిన పదార్థం కణంలో నిజంగా తగ్గిందా అన్న ప్రశ్న. గోషేలో పేరుకునే గ్లూకోసిల్‌స్ఫింగోసిన్ అనే కొవ్వు పదార్థం తగ్గకుండా చురుకు రెట్టింపైందని చెప్పడంలో అర్థం లేదు. ఇవన్నీ ఖర్చుతో, ఓపికతో కూడిన పనులు. తొందర పడి వీటిని వదిలేసిన ప్రతిసారీ ఎక్కువ ఖర్చు రోగులే భరించారు.

అంబ్రాక్సాల్ కథ ఇప్పుడు గోషేను దాటింది. 2009లో ఎలెన్ సిద్రాన్‌స్కీ నేతృత్వంలో 5,691 మంది పార్కిన్సన్స్ రోగులతో జరిగిన అంతర్జాతీయ అధ్యయనం, గోషేకు కారణమైన జన్యువులో మార్పు ఉన్నవారికి పార్కిన్సన్స్ ముప్పు ఎక్కువని చూపింది. 2020లో లండన్‌లో 17 మంది రోజుకు 1.26 గ్రాముల చొప్పున అంబ్రాక్సాల్ వాడి చిన్న ట్రయల్ పూర్తిచేశారు. మందు మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి చేరింది. అక్కడ ఎంజైము మోతాదు సుమారు 35 శాతం పెరిగింది. కొలిచిన చురుకు మాత్రం 19 శాతం తగ్గింది! మందు ఎంజైముకు అతుక్కుని ఉండటమే కారణం కావచ్చని పరిశోధకులు భావించారు. రోగుల కదలికలు కొంత మెరుగుపడినా, పోల్చి చూసేందుకు ఉత్తుత్తి మాత్రల బృందం లేదు. 2025లో కెనడాలో పార్కిన్సన్స్ మతిమరుపు ఉన్న 55 మంది మీద ఏడాది పాటు జరిగిన ట్రయల్‌లో మందు సురక్షితమేనని తేలింది, జ్ఞాపకశక్తి, ఆలోచనలకు సంబంధించిన ప్రధాన లక్ష్యం నెరవేరలేదు. అదే ఏడాది బ్రిటన్‌లో 330 మందితో రెండేళ్ల మూడో దశ ట్రయల్ మొదలైంది. సమాధానం అక్కడి నుంచి రావాలి.

గోషే కుటుంబాలకు మాత్రం వేచి ఉండే వ్యవధి లేదు. మన దేశంలో 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద ఇలాంటి జబ్బులకు సాయం పరిమితిని 2022లో 50 లక్షల రూపాయలకు పెంచారు. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థ కలిసి ఈ విధానం కింద గుర్తింపు పొందిన కేంద్రంగా ఉన్నాయి. ప్లీహం వాపు, రక్తహీనత విడవకుండా వేధించే పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తే రక్తపరీక్షతోనే ఎంజైము లోపం తేలుతుంది. వారి కణాలను భద్రపరిచి, ఎల్444పీ మార్పు మీదే మందులను వడపోసే పని మన ప్రయోగశాలలు చేపట్టాలి. బయటివారు మన కోసం ఆ పని చేస్తారని కూర్చోవడం సరికాదు.

పార్కిన్సన్స్ ఉన్న కుటుంబాలకు ఒక మాట. ట్రయల్‌లో వాడిన 1.26 గ్రాములంటే మందుల దుకాణంలో దొరికే 30 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు 42. మన దగ్గర దొరికే చాలా దగ్గు సిరప్పుల్లో అంబ్రాక్సాల్‌తో పాటు గుండె దడ పెంచే సాల్‌బుటమాల్ లేదా టెర్బుటలిన్ కూడా కలిపి ఉంటాయి. ఆ మోతాదు కోసం సిరప్పు తాగితే అవి కూడా అదే లెక్కన ఒంట్లోకి చేరి ప్రాణం మీదికి తెస్తాయి. బ్రిటన్ ట్రయల్ ఫలితం వచ్చి, డాక్టరు చీటీ రాసేదాకా దయచేసి ఎవరూ సొంతంగా ఆ ప్రయోగం చేయకండి.